సాబిర్ ఎవరో తెల్వదన్నాను

మా వీధిలో అందరి లెక్కలో నేను చెవిటివాణ్ని. సర్కారు కాగితం మీద కూడా అంతే. కానీ నాకు వినిపిస్తుంది. కుడి చెవి కొంచెం మందం. ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది. పక్కింటి కుక్కర్ కూత వింటాను. గోడ మీద బల్లి చప్పుడు వింటాను. ఇన్నేళ్లుగా అన్నీ వింటూనే, విననట్టు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

నా తప్పు ఇదేననుకుంటున్నారు కదా మీరు? ఇది పైకి కనిపించేది మాత్రమే. ఇదొక్కటే అయితే, లేనివాళ్లం, గత్యంతరం లేక చేశాం అని ఏదో ఒకలా సర్దుకునేవాణ్ని. దీని కింద ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లుగా నన్ను లోపల్లోపల తినేస్తున్నది అదే. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. ముఖం తెలిసినవాళ్ల దగ్గర నోరు విప్పే ధైర్యం నాకు లేదు.

సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాణ్ని. మేము సాంచలంటాం. షెడ్డులో సాంచలన్నీ నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు. పోగు తెగిందని, చాయ్‌కి పోదామని, ఇంట్లో పెండ్లాం అలిగిందని, అన్నీ గొంతు లేకుండానే చెప్పుకుంటాం. పనిలో కొత్తగా చేరినప్పుడు ఆ మాటలు నాకు నేర్పినవాడు సాబిర్.

సాబిర్‌కి చిన్నప్పుడు, బడికి పోయే రోజుల్లో, పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ గలగల మాట్లాడేవాడు. అతనికి వినపడదంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఎదుటి మనిషి పెదాల మీది నుంచి చూపు తిప్పకుండా ఉంటాడు కాబట్టి, ఇంత శ్రద్ధగా వినే మనిషి లేడనుకునేవాళ్లు. షెడ్డులో అతను అందరిలో ఒకడు. అందరికంటే చురుకు కూడా. కరెంటు పోయి సాంచలన్నీ ఒక్కసారి ఆగినప్పుడే తేడా తెలిసేది. మేమంతా గొంతులు తెరిచి మాట్లాడుకునేవాళ్లం. సాబిర్ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూపు తిప్పుతూ, అందరూ నవ్వాక నవ్వేవాడు. నేను పక్కకు పోయి, జరిగిన ముచ్చటంతా పెదాలతో మళ్లీ చెప్పేవాణ్ని. నన్ను ‘దోస్త్’ అని పిలిచేవాడు. నా భార్య రెండు గిన్నెల్లో కూర కట్టి పంపేది, ఒకటి నాకు, ఒకటి అతనికి.

తర్వాత ఆర్డర్లు తగ్గిపోయాయి. మా షెడ్డు యజమాని కొన్ని సాంచలను తుక్కు కింద అమ్మేశాడు. పని ఒకరోజు ఉంటే రెండు రోజులు ఉండేది కాదు. అప్పుడే ఎవరో అన్నారు, వికలాంగుల క్యాంపు పెడుతున్నారు, సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుందని. సాబిర్ అంతవరకూ దాని జోలికి పోలేదు. చేతిలో పని ఉండగా ఎందుకనేవాడు. ఈసారి ఒప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకే రోజుకు మీసేవలో పేర్లు పెట్టించింది నేనే. నా కుడి చెవి సంగతి సాబిర్‌కి తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పు, ఏమన్నా రాసిస్తారేమో అన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే నాకేమీ రాదని నాకు తెలుసు.

క్యాంపుకు ముందు ఒక సాయంత్రం మానేరు కట్ట మీద కూర్చున్నాం. నేను అడిగాను, నీకు లోపల ఎట్లా ఉంటుందని. సాబిర్ నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

“గిన్నేండ్లల్ల గీ మాట ఎవ్వడు అడగలె దోస్త్,” అన్నాడు.

ఆ తర్వాత చెప్పుకుంటూ పోయాడు. పాప, బాబ, మామ, ఈ మూడూ పెదాల మీద ఒక్క తీరుగానే కనిపిస్తాయట. మీసాలు ఒత్తుగా ఉన్నవాళ్ల మాట సగమే అందుతుందట. వెనక ఏదైనా పడితే చెవికి తెలియదు కానీ అరికాళ్లకు తెలుస్తుంది, ఒళ్లు దానంతటదే అటు తిరుగుతుందట. అర్థం కానప్పుడు తల ఊపేస్తాడట. మళ్లీ చెప్పమంటే ఎదుటివాళ్లు ముఖం చిట్లిస్తారు, ఆ చిట్లింపు చూడలేక. ఈ మాట దగ్గర అతని గొంతు వణికింది. నా చేయి పట్టుకున్నాడు.

అతను మనసు విప్పి చెబుతున్నాడు. నేను పాఠం నేర్చుకుంటున్నాను.

అప్పుడు అతని మీద నాకు ప్రేమ లేదా? ఉంది. దొంగమనసుతోనే అడిగాను కానీ, అతని గొంతు వణికినప్పుడు నా కళ్లు నిజంగానే తడిశాయి. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఇదే. ప్రేమ లేనివాడు చేసి ఉంటే వాడొక దుర్మార్గుడు అనుకుని వదిలేయవచ్చు. ప్రేమ ఉంటూనే చేసినవాణ్ని ఏమనాలి?

క్యాంపు రోజు షామియానా కింద కూర్చోవడానికి చోటు లేదు. మూడు చక్రాల బండ్ల మీద వచ్చినవాళ్లు, ఎదిగిన కొడుకును వీపున వేసుకుని వీర్నపల్లి నుంచి బస్సులో వచ్చిన ఒక తల్లి, సద్ది గిన్నెలు విప్పుకుని మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్లు. సాబిర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. డాక్టర్ ముందు మంచిగా కనపడాలన్నాడు. నేను కావాలనే మాసిన చొక్కా వేసుకున్నాను.

ముందు నన్ను పిలిచారు. చెవులకు మిషన్ పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. వినిపించింది. ఎత్తలేదు. వెనక నుంచి ఒకతను స్టీలు పళ్లెం కింద పడేశాడు. నేను కదలలేదు. డాక్టర్ నా ఎదురుగా కూర్చుని మాటలు అంటూ, తిరిగి చెప్పమన్నాడు. పాప అంటే మామ అన్నాను. నాలుక మందం చేసుకుని, ముద్దముద్దగా అన్నాను. అప్పుడప్పుడూ తల ఊపాను. అంతా సాబిర్ దగ్గర తీసుకున్నదే. రెండు మాత్రం నా తెలివి. నాలుక మందం చేసుకోవడం, పళ్లెం పడినప్పుడు తిరగకూడదనుకోవడం. డాక్టర్ రాసుకుని, సంతకం అయ్యేదాకా పక్క బల్ల మీద కూర్చోమని సైగ చేశాడు.

తర్వాత సాబిర్ వచ్చాడు. “నమస్తే సార్” అన్నాడు, గంట కొట్టినట్టు. డాక్టర్ తలెత్తి చూశాడు. మిషన్ పెట్టారు, సాబిర్ వేలెత్తలేదు. వెనక పళ్లెం పడింది. సాబిర్ తిరిగి చూశాడు.

వినపడి కాదు. అరికాళ్లకు తెలిసి. ఆ గదిలో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

డాక్టర్ పాప అన్నాడు. సాబిర్ మామ అన్నాడు. డాక్టర్ కలం కింద పెట్టాడు.

“మాట ఇంత చక్కగా వస్తోంది. పళ్లెం పడితే వెనక్కి చూశావు. ఇప్పుడే ఒకతను చేసిన తప్పే నువ్వూ చేస్తున్నావు. ఎవరు నేర్పిస్తున్నారయ్యా మీకు ఇదంతా?”

“ఎవ్వరు నేర్పలె సార్. చప్పుడు కాళ్లకు తెలుస్తది. చెవులకు గాదు సార్.”

పళ్లెం పడేసినతను నవ్వాడు. డాక్టర్ నవ్వలేదు. నా వైపు తిరిగి, సాబిర్‌ని వేలితో చూపిస్తూ, ఒక్కో అక్షరం విడదీసి అడిగాడు.

“ఇతను నీకు తెలుసా?”

నేను ఏం ఆలోచించాను? ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఆలోచన అనేదేమీ దొరకదు. తెలుసంటే ఇద్దరమూ పోతామన్న భయం ఒక్కటే దొరుకుతుంది. నిజానికి ఇద్దరమూ పోయేవాళ్లం కాదు. తెలుసు సార్, వీడికి చిన్నప్పుడే చెవులు పోయాయి, అరికాళ్లతో వింటాడు, నాకే వినిపిస్తుంది అని ఉంటే, నేనొక్కణ్నే పోయేవాణ్ని. అతను నిలిచేవాడు. అంత చిన్న లెక్క.

“తెల్వది సార్,” అన్నాను.

చెప్పాక చూశాను. సాబిర్ నా పెదాల వైపే చూస్తున్నాడు. ఎవరి మాట అందకపోయినా నా మాట అతనికి ఎప్పుడూ అందేది. అంత పెద్ద చప్పుడులో, అన్నేళ్లు, అతను చదివింది ఈ పెదాలనే కదా.

అతను నన్ను పట్టివ్వలేదు. వీడు నా దోస్తని, ఒకే షెడ్డులో పనిచేస్తామని అనలేదు. నన్ను కాపాడాడా? లేక అన్నా ఇక ఎవరు నమ్ముతారని ఊరుకున్నాడా? లేక నేను తెలియదన్నప్పుడు అతనికి కూడా నేను తెలియనివాణ్ని అయిపోయానా? డాక్టర్ అతని కాగితం పక్కన పడేసి, హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోయి ఇంకో పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. సాబిర్ నమస్తే కూడా అనకుండా బయటికి నడిచాడు. నేను సంతకం కోసం కూర్చున్నాను. చూశారా, కూర్చున్నాను. వెంట పరిగెత్తలేదు.

ఆ మర్నాటి నుంచి సాబిర్ షెడ్డుకు రాలేదు. కోరుట్లలో వాళ్ల అక్క దగ్గరికి పోయాడని తెలిసింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది, పింఛనూ వచ్చింది. దాంతోపాటు చెవుడూ వచ్చింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని, సాంచల చప్పుడుకు చెవులు పోయాయని చెప్పుకుని, వీధిలో, దుకాణంలో, ఆఖరికి ఇంట్లో కూడా నటించడం మొదలుపెట్టాను. నా భార్యకు ఈ నటన తెలుసు. మా బిడ్డకు తెలియదు. అది నడక నేర్చిన కొద్ది రోజులకే, ఏదైనా చెప్పాలంటే చిన్న చేత్తో నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు పెద్దబడికి పోతోంది. ఇప్పటికీ ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప నాతో మాట మొదలుపెట్టదు.

కోరుట్ల ఎంత దూరం? జగిత్యాల పోయి బస్సు మారితే చాలు. అయినా ఇన్నేళ్లు పోలేదు. మొన్న చుట్టాల పెండ్లికి జగిత్యాల పోయినవాణ్ని, భోజనాలు కాకముందే లేచి, ఎవరికీ చెప్పకుండా కోరుట్ల బస్సెక్కాను. ఎందుకు ఆ రోజే అని అడగకండి, నాకే తెలియదు. వాళ్ల అక్కకు అక్కడ చిన్న గాజుల దుకాణం ఉంది. నన్ను ఎప్పుడో ఒకసారి చూసిందట, గుర్తుపట్టింది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. నేను చేసినది ఆమెకు తెలియదు.

“మొదటిసారి సిరిసిల్లల దొంగన్నరట తమ్మీ. మాట మంచిగొస్తుందని. తర్వాత జగిత్యాల క్యాంపుకు పోయిండు. నోరు తెరవకుంట మూగోని లెక్క కూసున్నడు. అప్పుడు రాసిచ్చిన్రు,” అంది.

నేను చేతిలోని గ్లాసు కింద పెట్టాను.

“గప్పటి సంది మాట్లాడుడే బంద్ వెట్టిండు. ఎవరన్న ఇంటె పింఛను కట్ చేస్తరని మొదట్ల భయం. ఇప్పుడు ఇంట్ల గూడ గంతే. మొన్న నేను కాలు జారి పడ్డ. ‘ఆపా’, అక్కా అని ఒక్క మాట అనలె. బయటికి ఉరికి, చప్పట్లు కొట్టి పక్కోళ్లను పిలిచిండు.”

ఆ గలగల మాట. ఉర్దూ తెలుగు కలిపి షెడ్డు బయట మమ్మల్ని నవ్వించిన ఆ గొంతు. వినపడనివాడు మాటను కాపాడుకోవడం ఎంత కష్టమో నాకు చెప్పింది కూడా సాబిరే. తన గొంతు తనకే వినపడదు కాబట్టి, రోజూ వాడకపోతే వంకర పోతుందనేవాడు. నిజం చెబితే నమ్మరు, అబద్ధమాడితేనే నమ్ముతారని అతనికి నేర్పింది ఎవరు? డాక్టర్ ఒక్కడేనా?

సాబిర్ ఆ దుకాణం వెనకే పరుపులు కుడుతున్నాడు. జుట్టు నెరిసింది. ఎదురుగా పోయి నిలబడ్డాను. నా నీడ పడి తలెత్తాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టలేదని అనుకోవడానికి కూడా వీలు లేకుండా గుర్తుపట్టాడు.

షెడ్డులో మాట్లాడినట్టే, గొంతు లేకుండా, పెదాలతో “సాబిర్” అన్నాను. చూశాడు. “నేను ఆ రోజు” అని మొదలుపెట్టాను.

సాబిర్ కళ్లు దించుకున్నాడు.

చెవులున్నవాడు వినొద్దనుకుంటే లేచి పోవాలి, లేదా అరవాలి. సాబిర్‌కి తల వంచుకుంటే చాలు. దారం కొస నోట తడిపి, సూదిలోకి ఎక్కించి, కుట్టు మళ్లీ మొదలుపెట్టాడు. నేను నిలబడే ఉన్నాను. భుజం మీద చేయి వేస్తే చూడక తప్పేది కాదేమో. ఆ చేయి వేసే హక్కు నాకు మిగల్లేదు. కాసేపటికి వచ్చేశాను. వాళ్ల అక్క, చాయ్ తాగి పొమ్మని వెనక నుంచి పిలిచింది. వినపడనట్టు నడిచాను. అంత అలవాటైపోయింది.

ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. సాబిర్ సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు. అక్క దగ్గరికి పనికోసం పోయాడనే అనుకుంటూ వచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేయి ఆగిపోయింది. చేట పక్కకు జరిపి అంది.

“నాకెందుకు చెప్పినవ్? ఇనాల్సింది నేనా?”

ఆమె అన్నది నిజమే. వినవలసినవాడు వినను అన్నాడు. అది అతని ఇష్టం, అతని న్యాయం. నేను ఇంకా పింఛను ఆఫీసుకు పోయి ఆ సర్టిఫికెట్ తిరిగివ్వలేదు. ఇస్తానో లేదో మీకు మాట ఇవ్వలేను. మా బిడ్డకు చెప్పే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇచ్చినా, చెప్పినా, సాబిర్ గొంతు మాత్రం తిరిగి రాదు.

ఇది చదివి నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించడం మీ చేతిలో లేదు కూడా. ఆ రోజు ఆ గదిలో నోరు విప్పి అనవలసిన రెండు ముక్కలు ఉన్నాయి. సాబిర్‌కి వినపడదు. నాకు వినిపిస్తుంది. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి, వాటిని పూర్తిగా చెప్పాలనుకున్నాను. చెప్పాను. ఛాతీలో బరువు కొంచెం తగ్గినట్టుంది. తగ్గినందుకు కూడా సిగ్గుగానే ఉంది.