తేగల పాతర మీద పీట

మా అత్త పిసినారి కాదు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను, ఎందుకంటే ఆమెకు ఆ పేరు తెచ్చింది నేనే. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, కలకత్తాలో మా ఖిదిర్‌పూర్ తెలుగువాళ్ళు పదిమంది చేరిన ప్రతిచోటా ఎవరో ఒకరు "ఆ తేగల కత సెప్పు" అని నన్ను కూర్చోబెట్టేవారు. నేను చెప్పేవాణ్ణి. అత్త నడకా గొంతూ అనుకరిస్తూ చెప్పేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఆ కథను ఇన్నేళ్ళూ నేను సగంలోనే ఆపాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం పక్క పల్లె నుంచి డాక్ పనికని వచ్చి మా మేనత్త ఇంట్లో దిగాను. మావయ్య అప్పటికే ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడలకు సరుకెక్కించేవాడు. ఇల్లు మాత్రం అక్కడ కాదు. డాక్ దాటి దక్షిణంగా సైకిలు మీద పోగా పోగా, ట్రాము తీగలు అయిపోయి, బస్సులు అయిపోయి, చెరువులూ అరటి తోటలూ వచ్చేవి. అక్కడొక సందులో మా తెలుగు కుటుంబాలు కొన్ని, చుట్టూ బెంగాలీల పెంకుటిళ్ళు. చిరునామాలో కలకత్తా అనే రాసేవాళ్ళం. నాకు మాత్రం ఇంత దూరం రైల్లో వచ్చి మళ్ళీ పల్లెలోనే దిగానేమిటా అనిపించింది. ఎర్రజెండాల ఊరేగింపులు పెద్దరోడ్డు మీంచి నినాదాలతో వచ్చి, మా సందు చివర చెరువుగట్టు చూసి, అక్కడ జనం లేరని వెనక్కి తిరిగేవి.

ఆ రోజుల సంతోషాలు పెద్దవేమీ కావు. పొద్దున్నే చెరువులో ఈత. ఒడ్డెక్కేసరికి అత్త చేతిలో చోడంబలి గిన్నె, అందులో నలగ్గొట్టిన ఉల్లిపాయ. సాయంత్రం పని నుంచి వచ్చాక గట్టు మీద మరమరాలు, ఆవనూనె, పచ్చిమిరప. కరెంటు పోతే ఎవరికీ బాధ ఉండేది కాదు, అందరూ బయటికొచ్చి గట్టు మీద కూర్చునేవారు. మావయ్య ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విశాఖపట్నం కేంద్రం కోసం ముల్లు తిప్పేవాడు. గురగురల మధ్య ఎక్కడో ఒక తెలుగు మాట తగిలితే "దొరికింది, దొరికింది" అని అరిచేవాడు. అంతలో అది పోయేది. అయినా ఆ ఒక్క మాటకీ సందంతా సంబరపడేది.

అత్తకు ఒక్కటే దిగులు. ఈ దేశంలో అన్నీ ఉన్నాయి, తేగలు లేవు.

తాటిచెట్లు లేక కాదు. మా చుట్టూ చెరువుగట్ల నిండా తాళ్ళే. భాద్రపదం వస్తే బెంగాలీ ఆడవాళ్ళు తాటిపండు గుజ్జు పిండి, బెల్లం కలిపి గారెల్లాంటివి వేయించేవారు. గుజ్జు పోయిన టెంకల్ని పెరటి మూల పడేసేవారు. మా వైపు ఆ టెంకల్నే వరసగా మట్టిలో పాతిపెడతాం, దాన్ని పాతర అంటాం. చలికాలానికి టెంక కిందికి ఒక మొలక, మూరెడు పొడుగున దిగుతుంది. అదే తేగ. తవ్వి తీసి, కుండలో పేర్చి, మంటలో కాలిస్తే ఆ వాసనకు మనిషి ఉన్నచోట ఉండలేడు.

అత్త ప్రతి ఏడూ బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి టెంకలు ఏరుకొచ్చి పాతేది. ప్రతి ఏడూ ఆ బంకమట్టిలో అవి కుళ్ళిపోయేవి. నేను వచ్చిన ఏడు మావయ్య డాక్ నుంచి వస్తూ సైకిలు వెనక గోనెసంచిలో గంగ ఇసక తెచ్చి పోయడం మొదలుపెట్టాడు. పెరట్లో గోడవార బెత్తెడు బెత్తెడుగా ఇసక పరుచుకుంది. అత్త దాంట్లో టెంకలు పేర్చి, పైన మళ్ళీ ఇసక కప్పి, నీళ్ళు చిలకరించి, "ఇంక సలికాలం దాకా దీని మీద ఇనుము పెట్టకూడదు, మా యమ్మ సెప్పింది" అని సందంతా వినేలా చాటింది. సందులో ప్రతి ఇంటికీ తేగలు పంచుతానని కూడా చాటింది.

కంచెకు అవతల ఒక బెంగాలీ ముసలామె ఉండేది. మాసీమా అని పిలిచేవాళ్ళం, అంటే పిన్నమ్మ అని. ఆమె మా అత్తను "మద్రాజీ బౌ" అనేది, మద్రాసు కోడలు అని. మాది మద్రాసు కాదని అత్త కొన్నేళ్ళు చెప్పి మానేసింది. దేశం విడిపోయినప్పుడు అవతలి బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. వచ్చేటప్పుడు బట్టల మూటలో తమ ఊరి తాటి టెంకలు కొన్ని పట్టుకొచ్చిందట. వాటిలో ఒక్కటే బతికి, ఆమె పెరట్లో చెట్టై కాసింది. ఆ చెట్టు పండు టెంకలే అన్నిటికన్నా పెద్దవి. అత్త పాతర వేసినప్పుడు వాటినే గోడవారగా మొదటి వరసలో పెట్టింది.

దసరా వెళ్ళిన పున్నమికి బెంగాలీలు ఇంట్లో లక్ష్మీపూజ చేస్తారు. మాసీమా పూజ పళ్ళెంలో ఒకటి తప్పకుండా ఉండాలి. మొలకెత్తుతున్న తాటి టెంకను చీలిస్తే లోపల తెల్లగా, దూదిలా మెత్తగా, తియ్యగా ఒక గుంజు ఉంటుంది. మేం బుర్రగుంజు అంటాం, వాళ్ళు ఫోపల్ అంటారు. కాపురానికి వచ్చిన ఏటి నుంచి ఆమె అది లేకుండా పూజ చేయలేదు, తన చెట్టు కాసినప్పటి నుంచి మరో చెట్టుది పెట్టలేదు. అందుకోసం కొన్ని టెంకలు వంటింటి వెనక పోగు వేసుకునేది. ఆ ఏడు ఆమె కొడుకు పెరడు శుభ్రం చేయిస్తూ, చెత్త అనుకుని ఆ పోగును చెరువు పల్లంలో పూడ్పించేశాడు. పున్నమికి ముందు రోజు ముసలామె వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ లేదు.

ఇక ఆ చెట్టు టెంకలంటూ మిగిలింది మా అత్త పాతరలోనే.

"బజార్లో దొరుకుతాయి గదా మాసీమా," అంది అత్త కంచె దగ్గర నిలబడి. బెంగాలీలో మొదలుపెట్టి తెలుగులో ముగించడం ఆమె పద్ధతి.

"బజారువి ఎవరి చెట్టువో! మా ఇంటి లక్ష్మి మా చెట్టు పండే ఎరుగును. అవి నేనిచ్చినవే కదా, మట్టి తియ్యి."

"ఇప్పుడు తవ్వితే గాలి తగిలి మొత్తం పోద్ది. నాను తియ్యను."

"తియ్యవూ?"

"తియ్యను."

అప్పట్లో మా వైపు ఏ తగువైనా పార్టీ ఆఫీసుకే పోయేది. మధ్యాహ్నానికి ఆ ఆఫీసు దాదా, అంటే వాళ్ళ మాటలో అన్నయ్య, భుజానికి గుడ్డసంచీతో, సైకిలు మీద వచ్చాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"ముందు చెప్పండి. చెట్టు ఎవరిది?"

"నాది," అంది మాసీమా.

"ఇసక ఎవరిది?"

"మాది. మా ఆయన గంగ కాడినించి మోసినాడు," అంది అత్త.

దాదా కాసేపు ఆకాశం చూసి, "అయితే చెరి సగం" అన్నాడు.

"లక్ష్మీదేవికి సగమా! మీ అమ్మ నీకిదేనా నేర్పింది?" అని ఇటు నుంచి మాసీమా అందుకుంది.

"తేగంటే ఏటో తెల్దు, తీర్పొకటి! సగం తవ్వితే సగం ఉంటాదేటి బాబూ?" అని అటు నుంచి అత్త.

పాపం, ఆ దాదా రెండిళ్ళలోనూ టీ తాగి, పై కమిటీకి నివేదిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. అత్త ఒక చెక్కపీట తెచ్చి పాతర మీద వేసుకుని, మావయ్య నల్లగొడుగు విప్పుకుని, పొద్దు వాలేదాకా దాని మీద కూర్చుంది. కంచె అవతల మాసీమా తులసికోట దగ్గర చాప వేసుకుని, ఆమెను చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య ఒక తిట్టు ఇటు నుంచి అటు, ఒకటి అటు నుంచి ఇటు.

నేను కథ ఇక్కడ ఆపేవాణ్ణి. నల్లగొడుగు కింద అత్త. దాన్ని మించిన ముగింపు ఏముంటుంది?

ఒకసారి టికియాపారాలో ఒక పెళ్ళిలో నేనిది చెబుతుంటే అత్త వెనక వరసలోనే కూర్చుని ఉంది. అందరితో పాటు తనూ నవ్వింది. భోజనాల దగ్గర నా పక్కన చేరి, "కత సగంలో ఒగ్గేసినావేటిరా అల్లుడా?" అంది.

"మిగతాది చెప్తే నవ్వు రాదత్తా," అన్నాను.

"ఓహో," అని మజ్జిగ తాగింది. అంతే. ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకున్నా, నవ్వించే సరదా మానుకోలేదు.

తర్వాత తర్వాత కథ నా చేతుల్లోంచి కూడా పోయింది. మా ఇళ్ళలో అది ఒక మాట అయిపోయింది. ఎవరైనా ఇవ్వనంటే "పాతర మీద కూకున్నాడు" అనడం మొదలైంది. ఆ మధ్య అత్త మనవరాలు, సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే పిల్ల, టీవీ రిమోట్ అడిగితే అత్త సీరియల్ అయ్యేదాకా ఇవ్వనంది. "అమ్మమ్మ మళ్ళీ పాతర మీద కూర్చుంది!" అని పిల్ల నవ్వింది. అత్తా నవ్వింది. నవ్వుతూనే నా వైపు ఒకసారి చూసింది. ఆ పిల్లకు అమ్మమ్మ గురించి తెలిసిన పాత సంగతి అదొక్కటే. అదీ నేను చెప్పిందే.

జరిగింది ఇది. గొడుగు మూసి పీట దిగిన ఆ సాయంత్రం అత్త కుడితి పారబోయడానికి కంచె దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. అవతల మాసీమా నేల మీద కూర్చుని, బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, వాకిలి నుంచి గడప దాకా లక్ష్మీదేవి పాదాలు దిద్దుతోంది. మోకాళ్ళ నొప్పితో లేవలేక, కూర్చున్నచోటు నుంచి జరుగుతూ జరుగుతూ దిద్దుతోంది. అత్త లోపలికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పొయ్యి రాజేసింది.

తెల్లవారాక నన్ను లేపింది. "ఒరే అల్లుడా, గునపం తే."

"ఇనుము పెట్టకూడదన్నావు కదత్తా?"

"ముసల్ది ఆ వంకర మోకాళ్ళతో ఆకిలంతా అడుగులేసింది. నానింక ఆ పీట మీద ఎలగ కూకుంటాను? తవ్వు, గోడవార మాత్రమే. మెల్లగా! నీ డాక్ పనిలాగ కాదు."

తవ్వింది నేనే. ఆ గునపం పట్టిన చేతులు ఆడిస్తూనే ఇన్నేళ్ళూ జనంతో చప్పట్లు కొట్టించుకున్నాను.

మాసీమా చెట్టు టెంకల వరస మొత్తం తీశాం. ఒక్కొక్కదానికీ అప్పటికే వేలెడు మొలక, తెల్లగా. అత్త వాటిని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసింది. "మంచి తేగలొచ్చీవే," అని, కత్తితో చీల్చింది. గుంజులు తీసి, కడిగి, అరటాకులో పెట్టి, స్నానం చేసి, తడిజుట్టుతోనే వాళ్ళ వాకిట్లోకి నడిచింది. నేను వెనకే.

"పాదాలు తొక్కకు!" అని లోపలి నుంచి మాసీమా కేక.

అత్త ఒక కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ముందు లక్ష్మి పాదం, పక్కన పాదం, వెనకా పాదమే. చేతిలో అరటాకు, ఒంటికాలి మీద కొంగలా ఊగుతూ, "ఎక్కడేస్తాను మరి? నడవడానికి దారేదీ? ఎగరమంటావేటి?" అని అరిచింది. మాసీమా గుమ్మంలోకి వచ్చి ఆ వాలకం చూసి, ఆకులో ఉన్నది చూసి, తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అత్తకూ ఆగలేదు. ఒంటికాలి మీద నవ్వితే ఏమవుతుంది, పడబోయి ఒక పాదాన్ని తొక్కనే తొక్కింది.

"పోనీలే, దాన్ని మళ్ళీ దిద్దుతాను," అంది మాసీమా. ఆకు అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "కొంచెం చిన్నవి."

"చిన్నవేటి! నీ చెట్టువే!"

ఆ సాయంత్రం అరటాకు తీసుకుపోయిన చోటి నుంచి మా ఇంటికి గిన్నెడు కిచిడీ, కొబ్బరి లడ్డూలు వచ్చాయి. పార్టీ ఆఫీసు దాదా కూడా ప్రసాదానికి వచ్చి, తగువు సామరస్యంగా పరిష్కారమైందని మాసీమా కొడుకుతో చెప్పుకున్నాడు.

పాతరకు గాలి తగిలినా మిగతావి పోలేదు. అత్త వాళ్ళమ్మ చెప్పిన మాట గంగ ఇసకకు వర్తించలేదేమో. చలికాలంలో తవ్వితే తేగలు వచ్చాయి, కాకపోతే పెద్దవి లేవు. కుండలో పేర్చి, గడ్డి మంట వేసి తంపటి పెడితే ఆ పొగకు సందంతా చుట్టూ చేరింది. ప్రతి ఇంటికీ అందాయి. అత్త మాత్రం పన్ను నొప్పి అని తినలేదు. ఆ నొప్పి మర్నాటికి లేదు.

మాసీమా కర్ర పట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది, అదే పీట. తేగ ఎలా తినాలో ఆమెకు తెలియదు. అత్త తోలు తీసి, రెండుగా చీల్చి, మధ్యలో ఉండే లేత మొలకను ఆమె నోట్లో పెట్టింది. దాన్ని మేం చందమామ అంటాం, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. తర్వాత తేగ ఇచ్చింది. మాసీమా చాలాసేపు నమిలింది. పీచు తీసి పక్కన పెట్టింది.

"కట్టె నమిలినట్టుంది," అంది.

ఇంకాసేపటికి, "ఇంకొకటి ఇవ్వు," అంది.

ఈ మధ్య మనవరాలి నిశ్చితార్థంలో ఎప్పటిలాగే నన్ను కూర్చోబెట్టారు. ఈసారి మొత్తం చెప్పాను. అత్త ఒంటికాలి మీద నిలబడ్డ దగ్గర, గొడుగు దగ్గరకన్నా ఎక్కువగా నవ్వారు. ఇన్నేళ్ళూ నవ్వు రాదని నేనే అనుకున్నాను. మనవరాలు మాత్రం నవ్వడం మధ్యలో ఆపి అమ్మమ్మ వైపు తిరిగి చూసింది.

కుర్చీలో కూర్చున్న అత్త గొంతు సవరించుకుంది.

"బాగానే సెప్పినాడు గానీ ఒకటి మరిసిపోనాడు. ఆ ముసల్ది మూడోది కూడా అడిగింది. నానియ్యలేదు."