నీరసంలో నీరు లేదు

మా పక్కింటి తెలుగు సారు పోయారు. ఉప్పల్ దవాఖానా నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేసి చెబితే, నేను ముందు నా గుండె మీద చెయ్యి వేసి చూసుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, భయమే ముందు వచ్చింది.

నాచారం కంపెనీల్లో మెషిన్ల మీద బతికినవాణ్ని, నాకు చదువు లేదు. ఈ నాలుగు అక్షరాలూ రిటైరయ్యాక సారు నేర్పినవే. నేను గేర్‌బాక్స్ విప్పినట్టు ఆయన మాటలు విప్పేవారు.

ఒక ఎండాకాలం మా కాలనీలో ఎవరిని అడిగినా నీరసమే, ఎవరి చేతికి చూసినా గ్లూకోస్ సూదే. నేనూ ఎక్కించుకుని వచ్చాను. సారు గేటు దగ్గరే ఆపారు.

"గా నీళ్లెందుకే అన్నా?"

"నీరసమంటే ఒంట్ల నీరు తక్కువైనట్టే గద సారూ. మాటలనే ఉన్నది."

ఆయన పడీ పడీ నవ్వారు. "నీరు లేదు గీరు లేదు. నిర్ అంటే లేదని. రసం లేనిది నీరసం. చెరుకు బండికాడ పిప్పి సూస్తవు గద, గది."

నేనూ వదల్లేదు. "నిర్ అయితే గుడి ఉండాలె. దీర్ఘమెందుకొచ్చె?"

"రెండు ర-లు ఒక్కతాన పడ్డయి. ఒకటి పోయింది. పోయినదాని బరువు పక్కదాని మీద పడి, ని కాస్త నీ అయింది."

నాకు మాత్రం కంపెనీలో అనుకునే కమ్జోరీయే ఇష్టం. సారు దాన్నీ విప్పారు. "కమ్ అంటే తక్కువ, జోర్ అంటే బలం. తక్కువంటే ఇంక జర ఉన్నట్టే. నీరసమంటే అసలే లేనట్టు." అప్పటి నుంచి పొద్దున గోడ మీంచి మా పలకరింపు అదే. "ఎట్లున్నవ్ సారూ?" "జర కమ్జోర్." "ఇంక ఉన్నదన్నట్టే!"

ఆఖరి పొద్దున మాత్రం సారు గోడ పట్టుకుని నిలబడి, "నీరసమన్నా" అన్నారు. నవ్వలేదు. ఆయన ఊరికే మాట మార్చే మనిషి కాదు. కోడలిని కేకేసి, ఆటో తెచ్చాను. సారు మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు నాకూ మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. నిన్న దవాఖానాలో చేసిన పరీక్షల రిపోర్టు రేపు వస్తుంది. అది రాకముందే సారు గురించి రాసేయాలని కూర్చున్నాను. ఇంట్లో అడిగినప్పుడల్లా కమ్జోరీ అనే చెబుతూ వచ్చాను. పొగరనుకోండి. ఆ రెండో మాట నా నోట వస్తే నిజమైపోతుందని భయం.

నిన్న మా ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. "సక్కగ చెప్పు. కమ్జోరీనా, సారు చెప్పిందా?"

"సారు చెప్పిందే" అన్నాను.

ఆమె లేచి దవాఖానాకు ఆటో పిలిచింది. నా చెప్పులు తెచ్చి, కింద కూర్చుని, నా పాదం పట్టుకుని తొడగబోయింది. చెప్పు మాటిమాటికీ జారిపోతోంది.