బైట్ల కాటా

మా చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లు నుంచి గుంటూరు హెడ్డాఫీసు కంప్యూటర్‌లోకి వీపీఎన్ ద్వారా పత్తి రిపోర్టులు పంపడం నా ఉద్యోగం. సాయంత్రం కాగానే మేనేజరు నా వెనక నిలబడి కనెక్షన్ స్టేటస్ తెరిపించేవాడు. పంపిన బైట్లు ఎన్నో, వచ్చిన బైట్లు ఎన్నో, కాటా మీద బేళ్ళు తూచినట్టు చూసేవాడు.

"ఏమయ్యా, వచ్చినవే ఎక్కువున్నాయి! పొద్దుట్నుంచీ ఏం పీకావు?" అని అందరి ముందూ అరిచేవాడు. ఓ రోజు నేను "రిపోర్టు చిన్న ఫైలేనండీ" అంటే, "నాకే చెప్తావా?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఒక్క రిపోర్టూ పంపలేదు. దసరా పూజలో మెళ్ళో దండతో దిగిన ఆయన ఫొటోనే ముప్పైసార్లు పంపాను. సాయంత్రం ఆ అంకెలు చూసి, "ఇదయ్యా పనంటే!" అని భుజం తట్టాడు.

ఇంటికెళ్ళి ఆ భుజాన్ని సబ్బేసి రుద్దుకున్నాను.