‘అయిపోయింది’ అన్న తర్వాత

కెమెరా ముందు కూర్చుంటే ఎంతటివాడైనా కొయ్యబారిపోతాడు. వీధిలో నోరేసుకుని పడిపోయే మనిషి కూడా మెడ నిక్కించి, ఊపిరి బిగబట్టి, ఎవరో వేరే మనిషిలా తయారవుతాడు. అలాంటివాళ్ళతో ఫొటో బాబాయి వాదించడు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. గడ్డం కాస్త దించమంటాడు, భుజం ఇటు తిప్పమంటాడు, ఒకసారి నొక్కి "అయిపోయింది" అంటాడు. అవతలి మనిషి హమ్మయ్య అనుకుని ఊపిరి వదులుతాడు. అసలు ఫొటో అప్పుడు తీస్తాడు. మొదటిది ఉత్తుత్తిదే.

జన్మలో నవ్వని హెడ్మాస్టరు నవ్వు ఆయనకు అలాగే దొరికింది. ఇంట్లో పిన్ని మాత్రం ఇది వట్టి దొంగపని అని దెప్పుతుంది. వాళ్ళు దాచుకున్నదే కదా నేను తీసేది అని బాబాయి జవాబు.

కూతురికి పెళ్ళి కుదిరితే, కాబోయే అల్లుడి ఫొటో తానే తీస్తానని పట్టుబట్టాడు. కుర్రాడు వేలెత్తి చూపడానికి లేనివాడు. మంచి ఉద్యోగం, మాటకు ముందు "మావయ్యగారూ" అనే వినయం. కూతురు తనంతట తాను ఏరికోరి తెచ్చుకున్న సంబంధం. బాబాయి అందరికంటే ఎక్కువే మురిసిపోయాడు, దాచడం దేనికి.

ఆ సాయంత్రం కూతురు వెలుతురు కోసం తెల్ల అట్ట పట్టుకుని పక్కన నిలబడింది. స్టూడియోలో చిన్నప్పటినుంచీ ఆమెకు అలవాటైన పనే. బాబాయి "అయిపోయింది" అన్నాడు. అంతలో అట్ట ఆమె చేతిలోంచి జారి కుర్రాడి మోకాలికి తగిలింది. దెబ్బేమీ కాదు. అతను ఆమె వైపు తిరిగాడు. అలవాటుకొద్దీ బాబాయి వేలు నొక్కేసింది. మరుక్షణం కుర్రాడు నవ్వుతూ ఫర్వాలేదన్నాడు. ఇద్దరూ బజారుకు వెళ్ళాలి గనక, బండి తీస్తానని కిందికి దిగాడు.

బాబాయి ఆ ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాడు. కోపమైతే భయపడేవాడు కాదు. కోపం ఎవరికి రాదు? ఆయనకే టీ చల్లారితే వస్తుంది. ఈ ముఖంలో ఉన్నది కోపం కాదు, తొందరలేనితనం. ఇప్పుడు కాదులే, తర్వాత చూసుకుంటానన్న నిబ్బరం.

ఒక్క ఫొటోతో మనిషిని తూచకూడదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వెలుతురు తేడా అనుకున్నాడు. కానీ ఇన్నేళ్ళూ ఆ రెండో ముఖాన్ని నమ్ముకునే బతికినవాడు, అది తన గుమ్మంలోకి వచ్చాక నమ్మనంటే ఎలా?

కూతుర్ని పిలిచి చూపించాడు. ఆమె ఎగిరిపడుతుందని, నీకు అందరి మీదా అనుమానమే అంటుందని అనుకున్నాడు. అలా అంటే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తెర వైపు చూసింది. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఈ ముఖం నాకు తెలుసు నాన్నా," అంది మెల్లగా. "నేను మాట్లాడకుండా ఊరుకుంటే కాసేపటికి పోతుంది."

"పోకపోతే?"

ఆమె నోరు తెరిచేలోగా కింద హారన్ మోగింది. ఒక్కసారే, అదీ చిన్నగా. ఆమె ఉలిక్కిపడి లేచింది. ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కునే తీరిక లేక చేత్తో పట్టుకుని, మెట్ల మీద పరుగు తీసింది. ఆగమ్మా అని తండ్రి వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు.