అక్క ఊడ్చిన బాట

ఈమధ్య ఒక ఆదివారం మా తమ్ముడి కొడుకు కొత్త జీపు తెచ్చి ఇంటి ముందు నిలిపాడు. వారమంతా శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని చేసి, సెలవు దొరికితే చాలు స్నేహితులతో బాట లేని కొండలెక్కడం వాడికి సరదా. ఫోనులో రకరకాల టైర్ల బొమ్మలు చూపించి, ముల్లు దిగనిది ఏదో నువ్వే చెప్పు పెద్నాయనా అన్నాడు. నడుముకు నూనె పట్టించుకుని కూర్చున్న నాకు ముందు నవ్వొచ్చింది, మేము గతిలేక తిరిగిన దారుల్లోకి ఇప్పుడు పిల్లలు ముచ్చటపడి పోతున్నారు కదా అని. ఆ వెనకే నీరసమూ వచ్చింది, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నా నడుము పోయింది.

నా ఈడు వాళ్ళకు పాలబండ్ల కాలం గుర్తుండే ఉంటుంది. నేను నడిపింది భాకరాపేట అవతల కొండవార పల్లెల్లో పాలక్యాన్లు ఎత్తుకొచ్చే మోటారు బండి. ఆఖరి పల్లె మా అక్కను ఇచ్చిన ఊరు. తారు రోడ్డు దిగితే అక్కడిదాకా పలుగురాళ్ళే, వాటి మధ్య తుమ్మముళ్ళు. చేలకు కంచె వేసేందుకు కంప కొట్టి ఆ బాట మీదే ఈడ్చుకుపోవడం అక్కడి రైతుల అలవాటు. వాళ్ళకు మాత్రం వేరే దారి ఏది? అందుకని ఆ పల్లె ఆడవాళ్ళు వంతులేసుకుని, బండి వచ్చేలోగా ఊరి బయటి మలుపు దాకా పొరకలతో ఊడ్చేవాళ్ళు. వంతు ఎవరిదైనా అక్క మాత్రం రోజూ వచ్చేది.

బావ చింతకాయలు దులపబోయి చెట్టు మీంచి పడి మంచం పట్టాడు. ఉన్న రెండు ఆవులతోనే అక్క ఇల్లు గడవాలి. వాళ్ళు ఎంత ఊడ్చినా ఏదో ఒక ముల్లు మిగిలేది, నేను జాకీ వేసి చక్రం విప్పి ట్యూబుకు ప్యాచి అతికించేలోపు ఎండెక్కేది, క్యాన్లలో పాలు విరిగేవి. ఆ కాసేపూ అక్క రాగి అంబలి చెంబు నా పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని, అత్తగారింట్లో ఎవరికీ చెప్పుకోలేని మాటలన్నీ నాకు చెప్పుకునేది. నేను సగం వింటూ సగం ట్యూబును తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

చివరికి పాలకేంద్రం మేనేజరు, ఇంకా విరిగిన పాలే వస్తే ఆ పల్లెకు బండి ఆపేస్తానన్నాడు. టైర్లు మార్చడానికి ఒప్పుకున్నాడు గాని ఏరుకునే భారం నా నెత్తిన పెట్టాడు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు అంగట్లో పెద్ద పెద్ద గ్రిప్పున్న టైర్లు చూసి మురిసిపోయి బిగించుకొచ్చాను. నాలుగు రోజులు తిరక్కుండానే పలుగురాయి ఒక టైరు పక్కభాగాన్ని నిలువునా కోసేసింది. ముల్లు అడుగున దిగుతుందని చూసుకున్నానే గాని, రాయి పక్కన కోస్తుందని నాకు తట్టలేదు. ఆ రోజు పాలన్నీ పారబోశారు. ఇదే ఆఖరుసారి అన్నాడు మేనేజరు.

మళ్ళీ అదే అంగడికి పోయి, ఈసారి గ్రిప్పు జోలికి పోకుండా ప్రతి టైరు పక్కనూ బొటనవేలితో నొక్కుతూ తిరిగాను. గుమ్మడికాయలు బేరం చేయను వచ్చినావా అప్పా అని అంగడాయన ఎగతాళి చేశాడు. మూలన దుమ్ముపట్టి పడున్న, చూపుకు బొత్తిగా బాగాలేని, లారీ టైరులా మందంగా ఉన్న నైలాన్ టైరు ఒక్కటే నా వేలికి లొంగలేదు. అన్ని చక్రాలకూ ఆ రకమే వేయించాను. ఆ తర్వాత పంచరు మాటే లేదు. పల్లెకు బండి ఆగలేదు, అక్క ఇంట్లో మూడో ఆవు కూడా చేరింది. టైరు ఏమాత్రం వంగేది కాదు గనక బాటలోని ప్రతి రాయీ నా నడుముకే తగిలేది.

ఇక ఊడ్చే పని లేదని పల్లెలో అందరికీ చెప్పేశాను. మిగతావాళ్ళు మానుకున్నారు. అక్క మాత్రం ఒక తెల్లవారుజామున పొరక పట్టుకుని మలుపులోనే నిలబడి ఉంది. ఇంకా ఎందుకక్కా నీకీ కష్టం అని కిటికీలోంచే అడిగాను.

“పంచరైతేనన్నా నా పక్కన కొంచేపు కూసోనుంటివి నాయనా. ఇప్పుడు మొగమన్నా సూడనీకుండా పోతా ఉండావు.”

టైముకు కేంద్రం చేరాలి. రేపు కూర్చుంటాలే అన్నాను. చాలా ఏళ్ళు అలాగే అన్నాను.

ఇప్పుడు బావా లేడు, అక్కా లేదు. అక్క దొడ్లో ఆవులూ లేవు. మా తమ్ముడి కొడుక్కి మాత్రం తెలిసింది చెప్పాను, గ్రిప్పు చూసి మోసపోవద్దని, పక్కలు గట్టిగా ఉన్నవి చూసుకొమ్మని. వాడు అలాంటివే వేయించుకుని, ఎలా ఉన్నాయో చూద్దువు రా అని నన్ను ఆ కొండవారకే తీసుకుపోయాడు. ఆ బాటకు తారు వేసేశారు. మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆపమని అడగాలనుకున్నాను, నోరు తెరిచేలోపు అది వెనకబడిపోయింది. వెనక్కి తిప్పమనడానికి ఓపిక లేకపోయింది. వెనకటికి దారి బాగాలేకనే మనుషులు ఒకరి దగ్గర ఒకరు ఆగేవాళ్ళేమో అనిపించింది. టైర్లు ఎలా ఉన్నాయి పెద్నాయనా అని వాడు అడిగితే బాగున్నాయి అన్నాను. ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆగలేదు.