పది దాటిన అంకె

మేం అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న రోజుల్లో నేనొక ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ప్రోటీన్లను రక్తంలో కొలవడం నా పని. వాటిలో ముఖ్యమైనది సీఆర్‌పీ. ఊబకాయం ఉన్న స్త్రీలు బరువు తగ్గకముందు ఒకసారి, తగ్గాక ఒకసారి ఇచ్చిన రక్తం మా దగ్గరికి వచ్చేది. పొట్ట దగ్గర చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. ఎక్కడో గాయమైనట్టు కాలేయానికి కబుర్లు పంపుతూనే ఉంటుంది. కాలేయం అది నమ్మి సీఆర్‌పీ తయారుచేస్తుంది. బరువు తగ్గితే కబుర్లూ తగ్గుతాయి, అంకె దిగుతుంది. చాలామందిలో అలా దిగడం నేను చూశాను. చూసి చూసి, ఒళ్ళు తగ్గితే చాలు, ఆడవాళ్ళ బాధలన్నీ తీరిపోతాయని నమ్మేశాను.

మాకొక పద్ధతి ఉండేది. సీఆర్‌పీ పది దాటితే ఆ మనిషికి ఏ జలుబో జ్వరమో ఉందనుకుని ఆ ఫలితాన్ని పక్కన పెట్టేవాళ్ళం. బరువు సంగతి తేల్చడానికి అది సబబే. కానీ ఆ పద్ధతిని నేను ఇంటికి పట్టుకొచ్చాను.

నా భార్య చిన్నప్పటి నుంచీ లావుపాటి మనిషే. ఒక చలికాలం ఆమెకు వేళ్ళ కణుపులు నొప్పి పెట్టడం మొదలైంది. పొద్దున లేచాక చాలాసేపు పిడికిలి ముడుచుకునేది కాదు. పాల డబ్బా మూత తిప్పలేక నన్ను పిలిచేది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "బరువు తగ్గాలి. కీళ్ళ మీద భారం పడుతోంది" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని చూసిన పాపాన పోలేదు.

కార్‌లో కూర్చున్నాక ఆమె అంది: "మోకాళ్ళంటే సరే. వేళ్ళ మీద నడుస్తున్నానా నేను?"

నేను నవ్వాను. "ముందు తగ్గి చూడు. రోజూ చూస్తున్నా కదా ల్యాబ్‌లో."

"మీ ల్యాబ్‌కి రక్తమిచ్చిన వాళ్ళు వేళ్ళు నొప్పులన్నారా?"

"ప్రతిదానికీ వాదనే నీకు."

తర్వాత ఆమె నిజంగానే తగ్గసాగింది. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో మిత్రుడి భార్య ఆమెను చూసి కేకేసింది: "వదినా, సగమైపోయావ్! ఏం డైట్ ఫాలో అవుతున్నావ్? మాక్కూడా చెప్పొచ్చుగా!"

"నొప్పుల డైట్. వండలేను, తినలేను."

అందరూ పగలబడి నవ్వారు. మిత్రుడు నా భుజం తట్టి, "కంగ్రాట్స్ బాస్, సాధించావ్" అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గదినిండా చదువుకున్నవాళ్ళం. అందరం ఆమె నడుము చూశాం. ఆమె స్పూన్‌ని చిన్నపిల్లలా గుప్పిట్లో పట్టుకుని తినడం ఒక్కరమూ చూడలేదు. లావుగా ఉన్న ఆడది చిక్కితే చాలు, ఎలా చిక్కిందో ఎవరికీ అక్కర్లేదు.

శ్రావణమాసంలో గాజుల కోసం, మనవాళ్ళ షాపులుండే ఐసెలిన్ వెళ్ళాం. ఎప్పుడూ వేసుకునే సైజు ఆమె పిడికిలి దాటలేదు. షాపులో అమ్మాయి పెద్దవి తీసిచ్చింది. బరువు తగ్గిన మనిషికి గాజుల సైజు పెరిగింది! "నీరు చేరి ఉంటుంది" అన్నాను నేను, గొప్ప తెలిసినవాడిలా.

ఆ తర్వాతి రక్తపరీక్షలో సీఆర్‌పీ కూడా చూడమని నేనే అడిగాను. అంకె దిగి ఉంటుంది, చూపించి ఆమె నోరు మూయించవచ్చని నా ఉద్దేశం. అది పదికి చాలా పైనే ఉంది. డాక్టర్ బరువు మాత్రం చూసి శభాష్ అన్నాడు. నేను రిపోర్టు మడిచేశాను.

"జలుబు చేసుంటుంది. ఇలాంటివి మేం లెక్కలోకి తీసుకోం. కొన్నాళ్ళాగి మళ్ళీ చేయిద్దాం."

"నాకు జలుబు లేదండీ."

"లోపల ఉండొచ్చు."

ఆమె నన్ను చూసిన చూపులో కోపం కూడా లేదు.

కొన్నాళ్ళాగి చేయిస్తే అంకె ఇంకా పైకెళ్ళింది. ఈసారి ఆమె నన్ను అడగలేదు. ఎవరెవరికో ఫోన్‌లు చేసి తనే అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుంది. "కీళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. మీరు డ్రైవ్ చేస్తే చాలు, సలహాలొద్దు" అంది.

ఆ డాక్టరమ్మ కంప్యూటర్ తెరవకముందే నా భార్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క కణుపూ మెల్లగా నొక్కి చూసింది. తర్వాత అడిగింది: "బరువు మీరు కావాలని తగ్గారా?"

అన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా భార్య ఏడ్చేసింది.

అది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ళను కొరికేస్తోంది. ఆ మంటే ఆమె కండనూ ఆకలినీ కూడా తినేసింది. మేం అభినందించింది ఆ జబ్బుని. మందులు వేస్తే వాపు ఆగుతుందని, అప్పటికే వంగిపోయిన రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ నిటారుగా రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అలాగే జరిగింది. కుడిచేతి వేళ్ళు అవి.

తిరిగొస్తుంటే దారిలో ఆమె అడిగింది: "పది దాటినవాళ్ళని పక్కన పెడతామన్నారు కదా. వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు?"

"మాకు పేర్లు తెలీవు. కోడ్ నంబర్లే."

"అది కాదు. ఎవరు చెప్తారు?"

"తెలీదు."

"ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. మర్నాడు మేనేజర్‌ని అడిగాను. అది క్లినిక్ వాళ్ళ పని అన్నాడు. క్లినిక్‌కి ఫోన్ చేశాను. కనుక్కుని చెప్తామన్నారు, చెప్పలేదు. మళ్ళీ చేశాను. ఆ స్త్రీలలో ఎంతమందికి నిజంగా జలుబో, ఎంతమంది పొద్దున్నే మూత తిప్పలేక ఇంట్లోవాళ్ళని పిలుస్తున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్క ప్రశ్న నా నోట రావడానికి నా భార్య వేళ్ళు వంకరపోవాల్సి వచ్చింది.