పండగ పూట పడుకున్న లాప్‌టాప్

మంగళగిరిలో మా అత్తయ్య ఆయుధపూజ చేస్తే మగ్గం ఒక్కదానితో ఆగరు. కత్తెర, కత్తిపీట, కుట్టుమిషను, అన్నిటికీ బొట్టు పడాల్సిందే. బొట్టు పడ్డాక మర్నాడు పొద్దున్న దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. అందుకే ఆ రోజు కూరలు ముందే తరిగి పెట్టుకుంటాం.

పోయిన దసరాకి నా లాప్‌టాప్‌ని కూడా వాటి సరసన కూర్చోబెట్టారు.

నేను చదివింది పదో తరగతే. చీరల అంచులకి కంప్యూటర్లో డిజైన్ గీయడం పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. ఆ లాప్‌టాప్ విజయవాడలో కొన్న సెకండ్‌హ్యాండ్‌ది, బ్యాటరీకి ఆయాసం ఎక్కువ. ఆ రోజు కంకిపాడు వాళ్ళ పెళ్ళిచీరకి హంసల అంచు గీస్తున్నాను. మర్నాడు పొద్దున్నే దాన్ని అట్టలు కొట్టే ఆయనకి పంపాలి. హంస ఎక్కడ మెడ వంచాలో మగ్గానికి చెప్పేవి చిల్లులు పొడిచిన ఆ అట్టలే. అవి ఆలస్యమైతే చీర పెళ్ళికి అందదు.

"మూసెయ్ అమ్మాయ్, వర్జ్యం వచ్చేస్తోంది," అంటూ అత్తయ్య పసుపు చేత్తోనే మూత దించేసి, లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి మగ్గం పక్కన పీట మీద పెట్టారు. మూత మీద మూడు బొట్లు పెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను సేవ్ చెయ్యలేదని.

మూత వేస్తే లాప్‌టాప్ ఆగిపోదు, పడుకుంటుంది. సేవ్ చేసింది నేసిన బట్ట లాంటిది, ఎక్కడికీ పోదు. చెయ్యనిది మెమరీలో ఉంటుంది, చేత్తో పట్టుకున్న పోగుల్లా. చెయ్యి పట్టు వదలకుండా ఉండాలంటే కొంచెం కొంచెంగా కరెంటు అందుతూ ఉండాలి. ఛార్జింగ్ అయిపోయిందంటే పోగులు జారిపోతాయి.

"అత్తయ్యా, ఒక్క బటన్ నొక్కి ఇచ్చేస్తానండి."

"మగ్గానికి లేని తొందర దానికెందుకే? ఏడాదికి ఒక్క రోజు పడుకోనీ."

"పడుకునే ఉందండి. నా భయం అదే!"

మా ఆయన మగ్గానికి దండ వేస్తూ నవ్వారు. "ఏమే, హంసలు ఎగిరిపోయాయా?"

"మీరు నోరు మూసుకుని దండ వెయ్యండి."

మధ్యాహ్నం దాకా దాని పక్కనున్న చిన్న లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. పులిహోర కలుపుతూనే నాలుగుసార్లు తొంగిచూశాను. ఛార్జర్ పెడతానంటే అత్తయ్య ఒప్పుకోలేదు. వైరు గుచ్చితే పని చేయించినట్టేనట.

చివరికి నైవేద్యం పెడుతుంటే అడిగాను. "అన్నిటికీ పెట్టారు కదండీ. దీనికి పులిహోర తినే నోరు లేదు. ఇది తినేది కరెంటే. పండగ పూట పస్తుంచుతారా?"

అత్తయ్య ఆలోచనలో పడ్డారు. "అయితే నేనే పెడతాను, మడిలో ఉన్నాను," అని ఛార్జర్ అందుకుని, దాని మీద నీళ్ళు చిలకరించబోయారు.

"అయ్యో, నీళ్ళొద్దండీ!"

వైరు గుచ్చారు. కానీ ఆ పాటికే లైటు ఆరిపోయి ఉంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీదైనా మళ్ళీ గీద్దామంటే పెన్సిలు కూడా పూజలోనే ఉంది. అప్పుడు తట్టింది. ముగ్గు పెట్టొద్దని ఏ శాస్త్రమూ చెప్పదు కదా! సాయంత్రం వాకిలి కడిగి, నా గ్రాఫ్ గళ్ళకి బదులు చుక్కలు పెట్టి, హంసల్ని గుర్తున్నంత వరకు గీశాను. ఈకల దగ్గర చిన్న చిన్న నగిషీలు గుర్తురాలేదు, వదిలేశాను.

మర్నాడు స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కాను. తెర వెలిగింది. హంసలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి! భవానీపురంలో లాప్‌టాప్‌లు బాగుచేసే అన్నయ్యకి ఫోన్ చేస్తే నవ్వాడు. ఛార్జింగ్ మరీ అడుగంటినప్పుడు లాప్‌టాప్ తనంతట తానే మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద దాచుకుని ఆరిపోయిందట. దాన్ని హైబర్నేట్ అంటారట. "ప్రతిసారీ దాన్ని నమ్ముకోకమ్మా, సేవ్ చేసుకో," అన్నాడు.

"అమ్మవారి దయ," అన్నారు అత్తయ్య. పైగా నైవేద్యం పెట్టింది తనేనని గుర్తుచేశారు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తెర వంక చూశారు.

"దీనికోసమా నిన్న ఏడ్చావు? ఇది హంసా, బాతా?"

"హంసేనండీ!"

"వాకిట్లో దాన్ని చూడు, మెడ ఎంత హాయిగా వంగిందో. దీని ఒంటి మీద ఈ బరువంతా ఏంటి?"

మా ఆయన బయటికెళ్ళి చూసొచ్చారు. ఆయన కూడా ముగ్గు వైపే మొగ్గారు. నిజమే, నగిషీలు మర్చిపోవడంతో హంస తేలికపడింది.

ఇక చేసేదేముంది? లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, ముగ్గు చూస్తూ మళ్ళీ గీయడం మొదలుపెట్టాను. అత్తయ్య చీపురు పట్టుకుని నిలబడ్డారు, ఊడవడానికి కాదు, కోళ్ళని తోలడానికి. మా ఆయన తాళంచెవి తిప్పుకుంటూ వచ్చారు.

"ఏమే, కాస్త ఆలస్యమవుతుందని అట్టలాయనకి చెప్పొస్తాను. బండి తియ్యొచ్చా?"

"ఆగండి! ఇంకా తోక అవ్వలేదు."

"ఎంతసేపు?"

"నడిచెళ్ళరా!" అన్నారు అత్తయ్య.

ఆయన ముగ్గు చుట్టూ తిరిగి, నడిచే వెళ్ళారు.